సోయాస్‌లో ఒక ఏడాది: ఉట్నూర్ నుంచి లండన్ వెళ్లి ఆంత్రోపాలజీ చదివాను

లోన్ కోసం బ్యాంకుకి వెళ్లిన రోజు మేనేజర్ గారు ముందు అడిగింది కోర్సు గురించి కాదు, ఇంటి కాగితాల గురించి. ఏడున్నర లక్షలు దాటితే తనఖా కావాలి. మా ఇల్లు ఉట్నూర్‌లో, అంటే ఏజెన్సీలో, గిరిజన ప్రాంతంలో. "1/70 ఉంది కదమ్మా, అక్కడి ఇల్లు మేం పెట్టుకోలేం" అన్నారు. ఏజెన్సీలో భూమిని గిరిజనేతరుల పేరు మీదికి మార్చడం కుదరదనే చట్టం అది. చివరికి నిర్మల్‌లో తాత పేరు మీదున్న రెండు వందల గజాల ప్లాటు కాగితాలు పెట్టి 20 లక్షలు తీసుకున్నాం. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నాన్న ఒక్క మాట మాట్లాడలేదు. ఆ ప్లాటు నా పెళ్లి కోసమని దాచింది. నాకు ఆ చట్టం మీద చెప్పలేనంత కోపం వచ్చింది.

ఆ చట్టం ఎందుకు వచ్చిందో, ఎవరిని కాపాడ్డానికి వచ్చిందో, ఉట్నూర్‌లో పుట్టి పెరిగిన నాకు లండన్‌లో ఒక క్లాసులో కూర్చున్నాకే సరిగ్గా అర్థమైంది. కోర్సు ఎలా ఉందని అడిగేవాళ్లందరికీ నేను మొదట చెప్పేది ఇదే.

నేను చదివింది సోయాస్‌లో సోషల్ ఆంత్రోపాలజీ ఎం.ఏ., అంటే మనుషుల గురించి, వాళ్ల సమాజాల గురించి చదివే చదువు, 2022 సెప్టెంబర్ నుంచి 2023 సెప్టెంబర్ వరకు. సోయాస్ అంటే స్కూల్ ఆఫ్ ఓరియంటల్ అండ్ ఆఫ్రికన్ స్టడీస్. లండన్ నడిబొడ్డున, రసెల్ స్క్వేర్ పక్కన ఉంటుంది. 1916లో పెట్టారు. ఆసియా, ఆఫ్రికా దేశాల్లో పనిచేయబోయే బ్రిటిష్ అధికారులకు అక్కడి భాషలు నేర్పడం మొదట్లో దాని పని. ఇప్పుడు అదే చోట ఆ పాలనని కూర్చోబెట్టి విమర్శించే పాఠాలు చెబుతారు. బయట తిరువళ్లువర్ విగ్రహం ఉంటుంది. మొదటి రోజు ఆ విగ్రహం చూడగానే టెన్షన్ సగం తగ్గింది.

అక్కడిదాకా చేరడమే పెద్ద కథ. కోఠీలో బి.ఏ. అయ్యాక హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీకి వెళ్లాను. టేబుల్ వెనక కూర్చున్నతను నా మార్కులు చూసి, కోర్సు పేరు చూసి, "దీనికి స్కోప్ లేదమ్మా, డేటా అనలిటిక్స్ పెట్టుకోండి, అడ్మిషన్ మేం చూసుకుంటాం" అన్నాడు. నాకు లెక్కలు రావని చెప్పాను. "అక్కడికెళ్తే అవే వస్తాయి" అన్నాడు. మూడోసారి వెళ్లినప్పుడు నా పేరుతో ఒక ఎస్ఓపీ, అంటే ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నామో చెప్పే వ్యాసం, రాసి పెట్టాడు. అందులో నాకు చిన్నప్పటి నుంచీ మార్కెటింగ్ అంటే ప్రాణమట. ఆ కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని వచ్చేశాను. ఇలాంటి చాలా కన్సల్టెన్సీలకు యూనివర్సిటీల నుంచి కమిషన్ వస్తుంది. కమిషన్ ఇచ్చే కోర్సే మంచి కోర్సని చెప్పడం వాళ్ల వ్యాపారం. ఆర్ట్స్, సోషల్ సైన్సెస్ చదవాలనుకునే పిల్లలకు నా మొదటి సలహా: అప్లికేషన్ మీరే పెట్టుకోండి. యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో అన్నీ ఉంటాయి. నేను రాత్రుళ్లు కూర్చుని పదిహేను రోజుల్లో పూర్తిచేశాను. ఎస్ఓపీలో మా నాన్న జైనూర్ ఆశ్రమ పాఠశాలలో పదకొండేళ్లు తెలుగు టీచరుగా పనిచేశారనీ, చిన్నప్పుడు ఆయన స్కూటర్ మీద మార్లవాయి వెళ్లి అక్కడ ఒక తెల్లదొరసాని సమాధి చూశాననీ, ఆవిడ అక్కడెందుకు ఉందో ఎవరూ సరిగ్గా చెప్పలేదనీ రాశాను. అదే నా సీటు తెచ్చిందని నమ్ముతాను.

ఇక చదువు సంగతి. బ్రిటన్‌లో మాస్టర్స్ ఎక్కువగా ఒక్క ఏడాదే. రెండు టర్ములు క్లాసులు, వేసవి అంతా డిసర్టేషన్, అంటే సొంతంగా రాసే పెద్ద పరిశోధన వ్యాసం. ప్రతి సబ్జెక్టుకీ వారానికో లెక్చర్, తర్వాత పది పన్నెండు మంది కూర్చుని చర్చించే ట్యుటోరియల్. మన దగ్గర లెక్చర్ అసలు, మిగతాది కొసరు. అక్కడ సరిగ్గా ఉల్టా. ట్యుటోరియల్లో నోరు విప్పకపోతే ఆ వారం నువ్వు చదవనట్టే. చదవాల్సింది వారానికి, సబ్జెక్టుకి, వంద పేజీల పైమాటే. డిగ్రీలో గైడ్లు చదివి ఫస్ట్ క్లాస్ తెచ్చుకున్నదాన్ని నేను. మొదటి నెల నిద్ర లేదు.

మొదటి వ్యాసానికి నాకు 56 వచ్చింది. అక్కడ 50కి పాస్, 60కి మెరిట్, 70 దాటితే డిస్టింక్షన్. 56 అంటే ఫెయిల్ కాదని తెలిసినా బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను. మా మేడం ఆ కాగితాన్ని పక్కనపెట్టుకుని నాతో ఇరవై నిమిషాలు కూర్చున్నారు. పెన్సిల్‌తో ఒక్కో పేరా పక్కన చిన్న గీత గీస్తూ పోయారు. ఇది ఫలానా ఆయన మాట, ఇది ఇంకొకాయన మాట, ఇది మూడో ఆయన మాట. ఆరో పేజీ చివర ఒక్క వాక్యం దగ్గర ఆగి దాని చుట్టూ సున్నా చుట్టారు. అది మా ఊరి సంత గురించి నేను మొహమాటపడుతూ రాసిన వాక్యం. "ఇది నీది. వ్యాసం ఇక్కడ మొదలవ్వాలి" అన్నారు. పదిహేనేళ్ల చదువులో నా వాక్యం ఏది అని ఎవరూ నన్ను అడగలేదు. నేను కట్టిన ఫీజులో ఎక్కువ భాగం ఆ ఇరవై నిమిషాలకే అనుకుంటాను.

ఆ తర్వాత వచ్చింది అసలు విషయం. రెండో టర్ములో ఆంత్రోపాలజీకీ వలస పాలనకూ ఉన్న సంబంధం మీద క్లాసులు. ఆ వారం చర్చకు వచ్చిన పేరు క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. మా జిల్లాలో ఆ పేరు తెలియని పెద్దవాళ్లు ఉండరు. క్లాసులో ఆ పేరు వినగానే నా ఒళ్లు జలదరించింది.

ఆయన ఆంత్రోపాలజిస్టు, 1909లో వియన్నాలో పుట్టారు. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేసరికి ఇండియాలో ఉన్నారు. చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్ట్ కాబట్టి బ్రిటిష్ వాళ్లకి ఆయన శత్రుదేశపు మనిషి. దాంతో హైదరాబాద్ సంస్థానం దాటకుండా ఉండాల్సి వచ్చింది. ఆ సమయంలోనే ముందు నల్లమల చెంచుల మధ్య, తర్వాత గోదావరి కొండల్లో కొండరెడ్ల మధ్య, ఆ తర్వాత ఆదిలాబాద్ గోండుల మధ్య ఉండి పనిచేశారు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్‌ని చంపేశాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వానికి అనిపించింది. ఆ పని హైమన్‌డార్ఫ్‌కి అప్పగించారు. ఆయన, భార్య బెట్టీ మార్లవాయిలో మకాం పెట్టారు. చిన్నప్పుడు నేను చూసిన సమాధి ఈ బెట్టీదే. అడవినీ భూమినీ పోగొట్టుకోవడమే అసలు కారణమని ఆయన నివేదికలు చెప్పాయి. గోండులకు పట్టాలు, మార్లవాయిలో టీచర్ల ట్రైనింగ్, కేస్లాపూర్ నాగోబా జాతరలో అధికారులు గోండుల గోడు వినే దర్బారు, గిరిజన ప్రాంతాల భూములకు ప్రత్యేక నిబంధనలు, అన్నీ ఆ దారిలో వచ్చినవే. ఆ నిబంధనల వరసలోనే చాలా ఏళ్ల తర్వాత, 1970లో 1/70 వచ్చింది. అంటే నిర్మల్ ప్లాటు తనఖా పెట్టించిన చట్టం మూలాల్లో, నేను చదవడానికి వచ్చిన విభాగాన్ని 1950లో మొదలుపెట్టిన ఈ మనిషే ఉన్నాడు.

ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేసి అడిగాను, తాత ఉట్నూర్‌కి ఎప్పుడొచ్చాడని. "అరవై నాలుగుల. కిరాణా కొట్టు పెట్టుకుందామని వచ్చిండు. ఎందుకు బిడ్డా?" అన్నారు. ఉప్పు, నూనె, అప్పు. తాత మంచివాడే, ఊరంతా చెబుతారు. కానీ బయటి నుంచి వచ్చి గోండు ఊళ్ల మధ్య కొట్లు పెట్టినవాళ్ల గురించి చదువుతున్న పేజీల్లో మా ఇల్లు కనిపించడం మొదలైంది. ఆ చట్టం మీద బ్యాంకులో వచ్చిన కోపం ఆ రాత్రితో పోయింది. నా డిసర్టేషన్ అక్కడే పుట్టింది: ఏజెన్సీలో స్థిరపడిన గిరిజనేతర కుటుంబాలు తమ రాక గురించి ఏం చెప్పుకుంటాయి, ఏం చెప్పవు.

హైమన్‌డార్ఫ్ ఫొటోలు, ఫిల్ములు, కాగితాలు సోయాస్ లైబ్రరీలో ఉన్నాయి. ఆ లైబ్రరీ గురించి ఎంత చెప్పినా తక్కువే. 1973లో తెరిచిన కాంక్రీటు భవనం. బయటికి మొరటుగా ఉంటుంది కానీ లోపల మధ్యలో నిలబడితే అంతస్తుల మీద అంతస్తులు పుస్తకాలే. ఒక మూల తెలుగు పుస్తకాలు. డిసెంబర్‌లో నాలుగింటికే చీకటి పడేది, ఇంటి మీద బెంగ పడేది. అప్పుడు వెళ్లి ఆ అరల ముందు ఊరికే నిలబడి అట్టల మీది పేర్లు చదువుకునేదాన్ని.

అపురూపమైన కాగితాలు చూసే గదిలో పెన్ను తీసుకెళ్లనివ్వరు, పెన్సిలే. బ్యాగు లాకర్లో పెట్టాలి. బల్ల మీద మెత్తటి దిండులాంటిది వేసి దాని మీద తెచ్చి పెడతారు. నా ముందు పెట్టిన ఒక ఫొటోలో నెమలి ఈకల టోపీ పెట్టుకున్న గుసాడీ, అంటే గోండుల పండుగ నృత్యం చేసే ఒకాయన, ఉన్నాడు. కాళ్ల దగ్గర నేల తడిగా ఉంది. వెనక వెదురు తడిక, దాని మీద ఆరేసిన గుడ్డ. ఊరు ఉంది, కాలం ఉంది. మనిషి పేరు లేదు. మా ట్యుటోరియల్లో దీని మీదే గంట వాదన జరిగింది. కెన్యా నుంచి వచ్చిన నా క్లాస్‌మేట్, ఈయన సర్కారు సలహాదారు కదా, నిజాం జీతం తీసుకుంటూ నిజాం మీద తిరగబడ్డవాళ్ల గురించి రాసిన దాన్ని ఎంతవరకు నమ్మాలి అంది. పట్టాలు వచ్చాయి కదా అన్నాను నేను. పట్టా ఇచ్చినవాడి పేరు అందరికీ తెలుసు, ఫొటోలో ఉన్నవాడి పేరు ఎందుకు తెలీదు అంది. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ దాని గురించే ఆలోచిస్తున్నాను. గుసాడీ నృత్యానికి 2021లో పద్మశ్రీ అందుకున్న కనకరాజు గారిది కూడా మార్లవాయే. ఆ సంగతి క్లాసులో చెప్పినప్పుడు ఆమె ఆ పేరుని నోట్సులో రాసుకుంది.

మా ఊళ్లు వాళ్ల పాఠాల్లో ఉండటం నాకు మొదట్లో వింతగా ఉండేది. హైదరాబాద్ పక్కనున్న షామీర్‌పేట మీద ఎస్.సి. దూబే పుస్తకం 1955లో వచ్చింది. ఆంత్రోపాలజీలో అది పేరున్న పుస్తకం. నేను వారంవారం బస్సులో దాటిపోయిన షామీర్‌పేట గురించి ఒక స్పానిష్ అబ్బాయి నాకు చెబుతుంటే విన్నాను.

బ్రిటిష్ మ్యూజియం అక్కడికి నడిచిపోయేంత దూరం, టికెట్ లేదు. అమరావతి శిల్పాలు 33ఎ గదిలో అద్దాల వెనక ఉంటాయి. 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించినవి ఎక్కువ. మద్రాసు మీదుగా 1859లో లండన్ చేరాయి, 1880లో మ్యూజియానికి వచ్చాయి. ఒక క్లాసు అక్కడే పెట్టుకున్నాం. పల్నాటి సున్నపురాయి మీద ఆ పద్మాలు, ఆ ఏనుగులు చూస్తుంటే మొదట గర్వం, వెంటనే గొంతులో ఏదో అడ్డం. ఆ తర్వాత నేను ఒక్కదాన్నే చాలాసార్లు వెళ్లాను.

బతకడం గురించి క్లుప్తంగా చెబుతాను, దీని మీద వీడియోలు చాలా ఉన్నాయి. ఈస్ట్ హామ్‌లో ముగ్గురం తెలుగు అమ్మాయిలం ఒక ఇంట్లో ఉండేవాళ్లం. మిగతా ఇద్దరూ ఎమ్మెస్ డేటా సైన్స్. అక్కడి నుంచి యూస్టన్ స్క్వేర్‌కి ఒకే ట్రైను. మధ్యాహ్నం భోజనానికి సోయాస్ దగ్గర హరే కృష్ణ వాళ్ల బండి వస్తుంది. అన్నం, పప్పుకూర, ఒక్కోసారి హల్వా, పైసా తీసుకోరు. క్యూలో ప్రొఫెసర్లు కూడా నిలబడతారు. వారానికి 20 గంటలు పనిచేయడానికి వీసా ఒప్పుకుంటుంది. నేను ఒక శాండ్‌విచ్ షాపులో పొద్దున ఆరింటి షిఫ్ట్ చేశాను. వంద పేజీల చదువుతో కలిపి 20 గంటలు చాలా ఎక్కువ. పన్నెండు దాటనివ్వకండి. నేను దాటించి రెండు వ్యాసాలు పాడుచేసుకున్నాను. ఆ ఏడాది బ్రిటన్ అంతటా యూనివర్సిటీ టీచర్ల సమ్మెలు నడిచాయి. క్లాసులు పోతున్నాయని బాధగా ఉండేది. కానీ జీతం, పెన్షన్ కోసం టీచర్లు చలిలో నిలబడటాన్ని టీచరు కూతురిగా నేను తప్పుపట్టలేకపోయాను.

ఈ పద్ధతిలో నాకు నచ్చనిది ఒకటుంది. ఒక్క ఏడాది చాలా తక్కువ. నా వాక్యం ఏదో నాకు తెలిసేసరికి మార్చి వచ్చింది. సెప్టెంబర్‌కి మూటాముల్లె సర్దుకోవాలి. ఇది బ్రిటన్ మాస్టర్స్ చాలావాటికి ఉన్న లోటే. రెండేళ్ల ఎం.ఏ. ఇక్కడే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పూర్తిచేసి వెళ్లినవాళ్లు నాకంటే నిబ్బరంగా ఉన్నారు. మళ్లీ అవకాశం వస్తే నేనూ అలాగే చేస్తాను.

డబ్బు లెక్క దాచకుండా చెబుతాను. వీసా కోసమే లండన్ ఖర్చులకని 12,006 పౌండ్లు 28 రోజులు ఖాతాలో చూపించాల్సి ఉండేది, అప్పటి రేటుకి 11 లక్షల పైన. రేటు, నిబంధన రెండూ తర్వాత పెరిగాయి కాబట్టి ఇప్పటి లెక్క మీరు చూసుకోవాలి. ఫీజు, అద్దె, తిండి, టికెట్లు అన్నీ కలిపి నాకు 33 లక్షలు అయ్యాయి. లోన్ 20, నాన్న ఉద్యోగంలో దాచుకున్న జీపీఎఫ్ నుంచి 7, మిగతాది నా శాండ్‌విచ్ డబ్బు. ఇప్పుడు హైదరాబాద్‌లో గిరిజన విద్య మీద పనిచేసే ఒక సంస్థలో ఉన్నాను, నెలకు 55 వేలు. అందులో 27 వేలు ఈఎంఐకి పోతుంది. నాతో ఉన్న డేటా సైన్స్ అమ్మాయిల్లో ఒకరికి లండన్‌లో ఉద్యోగం దొరికింది, ఇంకొకరు ఇంకా వెతుకుతున్నారు. కాబట్టి ఆ కోర్సు గ్యారంటీ, ఈ కోర్సు నష్టం అని ఎవరైనా చెబితే నమ్మకండి. కానీ లోన్ మీద మాత్రమే వెళ్లమని నేను ఎవరికీ చెప్పను. నాన్న జీపీఎఫ్ గురించి తలుచుకున్నప్పుడల్లా గుండె కలుక్కుమంటుంది.

ముందు స్కాలర్‌షిప్పులు వెతకండి. ఆక్స్‌ఫర్డ్, రీడింగ్, సోయాస్‌లలో చదవాలనుకునే భారతీయ విద్యార్థులకు ఫీలిక్స్ స్కాలర్‌షిప్ ఉంది. ఫీజుతో పాటు ఖర్చులూ ఇస్తారు, చదువయ్యాక ఇంటికి తిరిగి రావాలి. నాకు రాలేదు, మా బ్యాచ్‌లో వచ్చినవాళ్లు నిజంగా గట్టివాళ్లు. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చీవెనింగ్, కామన్వెల్త్ స్కాలర్‌షిప్పులు ఉన్నాయి. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులకు ఓవర్సీస్ విద్యానిధి ఉంది, అందులో సోషల్ సైన్సెస్‌కీ చోటుంది, కన్సల్టెన్సీలు ఆ మాట చెప్పవు. కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ గురించి మాత్రం జాగ్రత్త. 2022లో దాని నిబంధనలు మార్చి, భారత సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారత సమాజం మీద చేసే చదువుకు ఇవ్వబోమని రాశారు. దళిత పిల్లలు, సంచార జాతుల పిల్లలు బయటికెళ్లి తమ సొంత సమాజం గురించి చదవాలంటే ఈ డబ్బు అందదన్నమాట. ఇది చాలా అన్యాయమైన నిబంధనని నా గట్టి అభిప్రాయం. మన గురించి మనం అక్కడికెళ్లి ఎందుకు చదవాలి అంటారు. మన కాగితాలు, మన ఫొటోలు, మన రాళ్లు అక్కడ ఉన్నాయి కాబట్టి.

నాకు తెలిసిన ఇద్దరు చెల్లెళ్లు ఈ ఏడాది అప్లై చేయాలనుకుంటున్నారు. వాళ్లకి చెప్పిందే ఇక్కడా చెబుతున్నాను. హైమన్‌డార్ఫ్ ఫొటోల్లో చాలావరకు సోయాస్ లైబ్రరీ ఆన్‌లైన్‌లో పెట్టింది, చూడ్డానికి డబ్బు కట్టక్కర్లేదు. ఒక ఆదివారం కూర్చుని మీ జిల్లావి, మీ ఊరి చుట్టుపక్కలవి వెతకండి. గంటసేపు చూశాక ఎవరినైనా ఏదైనా అడగాలనిపించి కాగితం తీశారంటే, ఆ రాసుకున్నదే ఎస్ఓపీ మొదటి పేరాగా పెట్టండి. మొన్న దసరా సెలవుల్లో నాన్నకి నా ఫోన్లో అవే చూపించాను. కళ్లజోడు పెట్టుకుని ఒక ఫొటోని వేళ్లతో పెద్దది చేసి, మార్లవాయి దారిలోని వాగు అదేనని గుర్తుపట్టి, "గీ వాగు అవతల మా పిల్లలు ఇద్దరు ఉండేటోళ్లు, వాన పడ్డనాడు బడికి రాకపోయేటోళ్లు" అన్నారు. వాళ్ల పేర్లు అడిగితే రెండూ చెప్పారు. రాసిపెట్టుకున్నాను.